మట్టిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటే, గాలిలో కలవకుండా భూమి లోపలికి పంపి నిల్వ చేసింది లీకైనట్టేనా?

కాదు, ఆ ఒక్క రీడింగ్ చూసి లీకని చెప్పలేం, పక్కనే ఆక్సిజన్, నైట్రోజన్ ఎంతున్నాయో కూడా చూడాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే గానీ, వేర్లూ సూక్ష్మజీవులూ నిరంతరం వదులుతుంటాయి కాబట్టి మట్టిలో మామూలుగానే కొన్ని శాతాల దాకా ఉంటుంది.

కోనసీమ కొబ్బరితోటే తీసుకోండి. వానపడి, చెట్టు మొదట్లో మట్టలు కుళ్లుతున్న చోట గొట్టం దించి గాలి లాగితే 5 శాతం రావచ్చు. అది మట్టి ఊపిరే అయితే ఆక్సిజన్ కూడా దాదాపు అంతే తగ్గి 21 నుంచి 16కి వస్తుంది. అదే కింద నుంచి ఎక్కివస్తే ఆక్సిజన్‌ని ఎవరూ వాడుకోలేదు కదా, పలచబడి 20 దగ్గరే ఆగుతుంది, నైట్రోజన్ మాత్రం 78 నుంచి 74కి పడిపోతుంది. అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, నిల్వ మొదలుపెట్టకముందు ఒక్క ఏడాది కొలిచి పెట్టుకుంటే చాలని. కాలువలు కట్టేసిన ఎండాకాలానికీ, నీళ్లు నిలిచిన సార్వాకీ డెల్టా మట్టి ఒకేలా ఉండదు, ఏటికేడూ మారుతుంది, అందుకే పాత అంకెతో పోల్చడం కన్నా ఈ వాయువుల నిష్పత్తులు చూడడమే మేలు. కార్బన్ డయాక్సైడ్‌ని ఇలా భూమిలోకి పంపుతున్న కెనడాలోని వేబర్న్ దగ్గర పొలంలో లీకైందని 2011లో ఆందోళన రేగితే, ఈ వాయువుల నిష్పత్తులు చూశాక అది మట్టిలో సహజంగా పుట్టిందేనని తేలింది.