గోలీలు ఆపమంటోంది అమ్మ, ఆపితే ఉన్నవి కూడా పోతాయని భయం

ప్రశ్న: నాకు 26 ఏండ్లు. ఉండేది హనుమకొండ. ఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ పని, రోజూ బండి మీద పరకాల, నర్సంపేట దిక్కు తిరుగుత. 22 ఏండ్లకే నుదురు పైకి జరుగుడు మొదలైంది. ఇప్పుడు నడినెత్తి మీద కూడా పలచబడ్డది. స్కిన్ డాక్టర్ రాసిస్తే 14 నెలల నుంచి రోజుకు ఒక ఫినాస్టరైడ్ గోలీ వేసుకుంటున్న, మినాక్సిడిల్ పూస్తున్న. వేరే క్లినిక్‌ల పీఆర్‌పీ (మన రక్తంల నుంచే తీసి నెత్తికి ఇచ్చే సూదులు) ఆరుసార్లు చేయించిన, బయోటిన్ విటమిన్ కూడా వాడుతున్న. కొత్తగా మొలిచింది ఏం కనిపిస్తలేదు. ఆ క్లినిక్ వాళ్లు ఇగ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమంటున్నరు. ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు. ఆ గోలీలతోటి పిల్లలు పుట్టరని ఎవరో చెప్తే అమ్మ రోజూ ఆపమని ఏడుస్తది. బాపు ఏమో ‘అంతా మీ తమ్ముని పోలిక’ అని అమ్మనే అంటడు. వచ్చే నెల వేములవాడల అక్క కొడుకు పుట్టువెంట్రుకలు. ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సిన మేనమామను నేనే. నాకు కూడా చిన్నప్పటి మొక్కు ఉంది, తలనీలాలు ఇయ్యమంటున్నరు. ఇస్తే మళ్ల రావేమోనని పోవాలనిపిస్తలేదు. ఏం చేయమంటరు?

జవాబు: వేములవాడకు వెళ్లండి. తలనీలాల సంగతి చివర్లో చెబుతాను. మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా అల్లుణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే పీట మాత్రం మీదే. జుట్టు కోసం దాన్ని వదులుకుంటే మీ అక్కకు అది జీవితాంతం గుర్తుండిపోతుంది.

ఇక మందు విషయం. ‘కొత్తగా ఏం మొలవలేదు’ కాబట్టి పనిచేయలేదని మీరు తేల్చేసుకున్నారు. ఈ మందులను ఆ తూకంతో తూచకూడదు. మీకు వచ్చిన రకం బట్టతలలో టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావంతో నుదుటి మీది, నడినెత్తి మీది కుదుళ్లు ఏటేటా కుంచించుకుపోతాయి. మొదట లావుపాటి వెంట్రుక వచ్చిన చోటే తర్వాత సన్నటిది, ఇంకొన్నాళ్లకు నూగు వస్తుంది. ఫినాస్టరైడ్ ఆ హార్మోన్ తయారీని తగ్గిస్తుంది. మినాక్సిడిల్ వెంట్రుక పెరిగే దశను పొడిగిస్తుంది. కొందరికి కొంత తిరిగి వస్తుంది, నిజమే. కానీ అన్నిటికన్నా ముందు అవి చేసేది ఉన్నదాన్ని నిలబెట్టడం. 22 నుంచి 25 దాకా జరిగినంత వేగంగా ఈ 14 నెలల్లో జరగలేదంటే మందు పనిచేస్తున్నట్టే.

అది అద్దంలో తెలియదు. రోజూ చూసుకునే తలలో నెమ్మదిగా వచ్చే తేడాను కన్ను పట్టుకోలేదు. మందు మొదలుపెట్టడానికి ముందు దిగిన ఫోటోలు, ఏ పెండ్లివైనా సరే, వెతికి తీయండి. ఈ రోజు ఇంట్లో ఒకే గదిలో, ఒకే బల్బు కింద, తల పూర్తిగా ఆరాక, నూనె లేకుండా నాలుగు ఫోటోలు తీయించుకోండి: ఎదుటి నుంచి వెంట్రుకలు వెనక్కి దువ్వి ఒకటి, తల వంచి నడినెత్తి ఒకటి, రెండు కణతలు. మళ్లీ మూడు నెలలకు అదే చోట, అదే బల్బు కింద తీయండి. మధ్యలో తీయొద్దు. తడి తల మీద, ట్యూబులైటు కింద నిలబడి తీస్తే ఎంత ఒత్తు జుట్టైనా పలచగానే కనిపిస్తుంది. దిండు మీద, స్నానాల గదిలో వెంట్రుకలు లెక్కపెట్టడం కూడా ఆపేయండి. రోజుకు 50 నుంచి 100 వరకు ఊడటం అందరికీ మామూలే.

మందు పూసే తీరు ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. డాక్టర్లు సాధారణంగా చెప్పేది ఒక్కో పూటకు ఒక మిల్లీలీటరు. అది వెంట్రుకలకు కాదు, చర్మానికి అందాలి. దువ్వెనతో పాయలు తీసి, డ్రాపర్ మొనను చర్మానికి దాదాపు ఆనించి, ఒక్కో పాయలో నాలుగైదు చుక్కలు వేసి వేలితో అద్దాలి. పైపైన చల్లి నెత్తంతా రుద్దితే సగం మందు వెంట్రుకలకే అంటి ఎండిపోతుంది. మీరు హెల్మెట్ కింద చెమటతో సాయంత్రం ఇంటికి వస్తారు కదా, ఆ తడి మీద పూయొద్దు. తల కడిగి, పూర్తిగా ఆరాక పూసి, పడుకోవడానికి రెండు గంటల ముందే ముగించండి. లేకపోతే దిండుకు, దిండు నుంచి ముఖానికి అంటి చెంపల మీద నూగు వస్తుంది. అమ్మ కొబ్బరినూనె పెడితే ఆ పూట మందు పూసినా దండగే. పూసిన నాలుగు గంటల దాకా తల కడగొద్దు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెట్టింపు పూయకండి, దానివల్ల జుట్టు పెరగదు, గుండెదడ మాత్రం రావచ్చు. రెండు పూటలూ మీ పనితో కుదరకపోతే నెలలో పది రోజులు ఎగ్గొట్టే బదులు రోజుకు ఒక్కసారే సరిపెట్టవచ్చా అని డాక్టర్‌ను అడగండి. (హెల్మెట్ వల్ల బట్టతల రాదు. బోరునీళ్ల వల్లా రాదు. హెల్మెట్ తీయకండి.)

ఆపితే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను. మందు వల్ల నిలిచినవి మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం మొదలవుతుంది, దాదాపు ఏడాదికి మందు అసలు వాడకపోతే ఎలా ఉండేదో అక్కడికి చేరుతుంది. అంతకన్నా కిందికి పోదు. ‘ఆపితే మొత్తం ఊడిపోతుంది’ అన్న భయంతోనే చాలామంది ఇష్టం లేకున్నా ఏండ్ల తరబడి వాడుతుంటారు. కాబట్టి ఆపడం తప్పేమీ కాదు, కొనసాగించడమే గొప్పా కాదు. ఈ మందును ఇంకో పదేండ్లు చిరాకు పడకుండా, అప్పు చేయకుండా వాడగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. ఆపాలనిపిస్తే రెండూ ఒకేసారి ఆపకండి. డాక్టర్‌కు చెప్పి ముందు ఒకటి ఆపి, ఆరు నెలలు ఫోటోలు చూసి, రెండోదాని సంగతి తేల్చండి. ఏది మిమ్మల్ని కాపాడుతోందో అప్పుడే తెలుస్తుంది.

అమ్మ భయం ఉత్తదని కొట్టిపారేయకండి. అది సగమే నిజం, ఆ సగాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి. జుట్టుకు వాడే రోజుకు ఒక మిల్లీగ్రాము ఫినాస్టరైడ్ వల్ల ఎక్కువమంది మగవాళ్లకు పిల్లలు పుట్టడంలో ఇబ్బంది రాదు. వీర్యకణాలు ముందే తక్కువగా ఉన్న కొందరిలో ఇంకా తగ్గవచ్చు, ఆపిన కొన్ని నెలలకు మళ్లీ పెరుగుతాయి. మీకు అనుమానం ఉంటే పెండ్లికి ముందే ఒకసారి వీర్య పరీక్ష చేయించుకోండి. ఫలితం అమ్మకు చూపించాల్సిన పనిలేదు, ‘పరీక్ష చేయించిన, డాక్టర్ బాగుందన్నడు’ అంటే చాలు. తక్కువ వస్తే దాచకుండా డాక్టర్‌తో మాట్లాడి గోలీ ఆపండి. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి కనీసం మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలి. పెండ్లయ్యాక మరో జాగ్రత్త: భార్య కడుపుతో ఉన్నప్పుడు విరిగిన, నలిగిన ఫినాస్టరైడ్ గోలీని ఆమె చేత్తో ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే హాని. ఈ గోలీ వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత ఇంకో నెల కూడా రక్తదానం చేయకూడదు, ఆ రక్తం గర్భిణికి ఎక్కవచ్చు.

కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం వస్తుంది. ఎక్కువగా గోలీ ఆపితే తగ్గిపోతాయి. అరుదుగా ఆపిన తర్వాత కూడా కొనసాగినవి ఉన్నాయి. మనసు దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే అదీ గోలీ వల్ల కావచ్చు. ఇవేవైనా ఉంటే సిగ్గుపడి దాచకండి. ఈ విషయంలో ఇంటర్నెట్‌లో చదివిన భయం కన్నా, డాక్టర్ ముందు కూర్చుని చెప్పిన ఒక్క ముక్క మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

డబ్బు దగ్గర నా మాట గట్టిగానే ఉంటుంది. బయోటిన్ ఆపేయండి. ఒంట్లో లోటు ఉంటే తప్ప దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి సరైన ఆధారం లేదు. పైగా థైరాయిడ్ రక్తపరీక్షను అది తప్పుదారి పట్టించవచ్చు. ఇప్పటిదాకా చేయించకపోతే డాక్టర్‌ను అడిగి ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూసేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, అప్పుడు కూడా బయోటిన్ వాడిన సంగతి చెప్పండి. ఆరుసార్లు పీఆర్‌పీ చేయించుకుని తేడా కనిపించని మీకు ఏడోది అక్కర్లేదు. మందులను బ్రాండ్ పేరుతో కాకుండా మందు పేరుతో రాయమని డాక్టర్‌ను అడగండి, అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది. ప్రైవేటు ఫీజు బరువైతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉండనే ఉంది.

ట్రాన్స్‌ప్లాంట్ ఇప్పుడు వద్దు. వెనక తల నుంచి కుదుళ్లు తీసి ముందుకు నాటుతారు, తీసిన చోట మళ్లీ రావు, కాబట్టి ఆ నిల్వ జీవితానికి ఒక్కటే. 26 ఏండ్లకు మీ బట్టతల ఎంతవరకు పోతుందో ఇంకా తేలలేదు. ఇప్పుడు నుదుటి మీద గీత గీసినట్టు నాటించుకుంటే, 35కి దాని వెనకాల అసలు జుట్టు పోయి ముందు పట్టీ ఒక్కటే మిగిలిపోవచ్చు. అలా కాకూడదంటే నాటించుకున్నా మందులు వాడుతూనే ఉండాలి. ఏండ్ల తర్వాత చేయించుకోవాలనుకుంటే చర్మవైద్యుడో ప్లాస్టిక్ సర్జనో స్వయంగా చేస్తాడా, ఏ భాగం ఎవరు చేస్తారు అని రాతలో అడగండి. వర్క్‌షాపుల్లో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని ఈ పని చేయడం సరిపోదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

బాపు మాట అమ్మను ఎంత కోస్తుందో మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. బట్టతల ఒక్క మేనమామ పోలికే కాదు. తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒక ముఖ్యమైన జన్యువు ఉంది, కానీ తండ్రి వైపు నుంచి వచ్చేవి కూడా చాలా ఉన్నాయి. ఒకరోజు అన్నం దగ్గర అమ్మ వినేట్టుగానే ‘బాపూ, డాక్టర్‌ను అడిగిన, ఇది రెండు దిక్కుల నుంచీ వస్తదట, ఇగ అమ్మను అనకు’ అని చెప్పండి. అంతకుమించి వాదించకండి. ఆమె గోలీల గొడవలో సగం ఆ నింద తాలూకు బాధే అని నా అనుమానం.

సంబంధాలకు టోపీ లేని ఫోటో పంపండి, మూడేండ్ల కిందటిది కాదు, ఈ నెలది. పక్కల మెషిన్‌తో రెండో నంబర్, పైన కాస్త పొట్టిగా కత్తిరించమని కటింగ్ షాపులో అడగండి. పక్క నుంచి పొడుగు పాయ తెచ్చి నెత్తి కప్పితే ఖాళీ ఇంకా ఎత్తి కనిపిస్తుంది. ఆ ఫోటో చూసి వద్దన్నవాళ్లు పెండ్లిచూపులకు రాకుండానే తప్పుకుంటారు, మీకు ఒక ఆదివారం మిగులుతుంది.

అద్దం ముందు, ఫోన్ కెమెరా ముందు రోజుకు గంటకు మించి గడిచిపోతుంటే, స్నేహితుల పెండ్లిళ్లు ఎగ్గొడుతుంటే, నిద్ర, తిండి చెడితే మానసిక వైద్యుణ్ని కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫినాస్టరైడ్ వాడుతున్న సంగతి కూడా వాళ్లకు చెప్పండి.

ఇక తలనీలాలు. వెంట్రుక కుదురు చర్మం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, బ్లేడు అక్కడిదాకా పోదు. గుండుతో ఒక్క కుదురు కూడా చావదు, కొత్తగా ఒక్కటీ పుట్టదు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున ఇప్పుడున్నంతే మళ్లీ వస్తాయి. కాబట్టి మొక్కు తీర్చాలని ఉంటే నిశ్చింతగా ఇవ్వండి. జుట్టు మొత్తం తీసేస్తే ఎట్లుంటనో అన్న భయం మీకు నాలుగేండ్లుగా ఉంది కదా, అదీ ఆ రోజే తేలిపోతుంది. కళ్యాణకట్టలో మీకూ అల్లుడికీ కొత్త బ్లేడు వేయమని, మీ కళ్ల ముందే మార్చమని అడగండి, పాత బ్లేడుతో కామెర్ల వైరస్ అంటుకోవచ్చు. గాట్లు పడ్డ చర్మం మీద మినాక్సిడిల్ మండుతుంది, ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది, అందుకని గాట్లు మానేదాకా మూడు నాలుగు రోజులు పూయొద్దు. గోలీ మాత్రం మామూలుగానే వేసుకోండి. ఎండలో బండి మీద తిరిగేటప్పుడు హెల్మెట్ కింద పలచటి నూలు గుడ్డ కట్టుకోండి, గుండు మీద చర్మం త్వరగా కమిలిపోతుంది.