జ్వరం వస్తుందని ముందే చెప్పు

చిరంజీవి శైలజకు అత్త ఆశీస్సులు.

ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళో పిల్లలకి టీకాలు వేసే నర్సమ్మగా, చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నా తర్వాత మన ఇంట్లో మళ్ళీ ఒకరు వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుంటున్నారు. గర్వంగా ఉంది. కానీ నీది అచ్చం నా కోపమే, అందుకే భయం కూడా.

ఐస్‌ప్యాకులు, వీవీఎం (వేడికి టీకా పాడైందో లేదో రంగుతో చూపే సీసా మీది గుర్తు) చూడడం, సీసా తెరిచిన టైం రాయడం, టీకా వేశాక అరగంట కూర్చోబెట్టడం, ఇవన్నీ ట్రైనింగ్‌లో నేర్పే ఉంటారు. నేను మాట్లాడడం గురించే చెప్తాను.

నేను చేరిన రెండో ఏడు. అప్పట్లో ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ లేదు, కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే డీపీటీయే. ఒక పాపకి మూడో డోసు వేసి, తల్లికి ఒక్క మాటా చెప్పకుండా కార్డు చేతిలో పెట్టి పంపేశాను. రాత్రికి పిల్ల ఒళ్ళు కాలిపోయింది, తొడ వాచింది. తెల్లారి నానమ్మ వచ్చి పదిమందిలో నిలదీసింది, "బాగున్న పిల్లకి జ్వరం తెప్పించావేంటమ్మా?" అని. "మీకు చెప్పినా ఎక్కదు, ఇష్టం లేకపోతే రాకండి" అన్నాను. వాళ్ళు రాలేదు. పిల్లకి ఏడాదిన్నర వచ్చాక బూస్టర్ వేయాల్సిన వాళ్ళ లిస్టులో ఆ పేరు చూసి కూడా పంతానికి పోయి ఆ గడప తొక్కలేదు.

ఐదేళ్ళు నిండబోతుండగా ఆ పిల్లకి కంఠసర్పి వచ్చింది. మెడంతా వాపు, గొంతులో బూడిదరంగు పొర. పెద్దాసుపత్రిలో యాంటీటాక్సిన్ (ఆ జబ్బు విషానికి విరుగుడు) ఇచ్చి బతికించారు. ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్ళాను. తల్లి గ్లాసుతో నీళ్ళు తాగిస్తుంటే సగం ముక్కులోంచి వచ్చేస్తున్నాయి. పిల్ల ముంజేత్తో తుడుచుకుని మళ్ళీ నోరు తెరుస్తోంది. ఆ తల్లి నన్ను తిట్టలేదు. "జ్వరం వస్తుందని ముందే చెప్పుంటే తీసుకొచ్చేదాన్ని సిస్టర్" అంది, అంతే. కొన్ని వారాలకి పిల్ల తేరుకుంది. ఇప్పుడు తనే ఇద్దరు బిడ్డల తల్లి.

అందుకని తల్లీ, సూది పట్టుకునే ముందు "పోయినసారి వేశాక పాప ఎలా ఉంది?" అని అడుగు. చెప్పేదంతా విను, మధ్యలో అందుకోకు. తర్వాత చెప్పు: ఈ రాత్రి జ్వరం రావచ్చు, తొడ నొప్పి పెట్టొచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, పారాసిటమాల్ ఇంత ఇవ్వండి, ఫిట్స్ వచ్చినా పిల్ల డీలాపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి నాకు ఫోన్ చెయ్యండి. నంబర్ కార్డు మీద రాసివ్వు. అర్ధరాత్రి చేసినా విసుక్కోకు. నానమ్మ వస్తే ఆమెకీ చెప్పు. చాలా ఇళ్ళల్లో మాట ఆమెదే.

జనం జారిపోయేది బూస్టర్ల దగ్గరే. తొమ్మిదో నెల టీకా కాగానే అన్నీ అయిపోయాయనుకుంటారు. 16-24 నెలల మధ్య ఒక డీపీటీ బూస్టర్, 5-6 ఏళ్ళకి ఇంకోటి, 10, 16 ఏళ్ళకి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) ఉన్నాయని మొదటి రోజే చెప్పి కార్డులో చూపించు. "ముందు వేసినవి పనిచేయలేదా?" అంటారు. చేశాయమ్మా, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ బలం తగ్గుతుంది, మళ్ళీ నిలబెట్టాలి అను. హైదరాబాద్‌లో ఇప్పటికీ బడి వయసు పిల్లలకి కంఠసర్పి వస్తోందంటే నాకు నిద్ర పట్టదు.

బుధవారం టీకాల రోజు, కడుపు నిండా తిని వెళ్ళు. రాత్రికి ఫోన్ చెయ్. ఎవరినైనా కసిరి ఉంటే ముందు ఆ సంగతే చెప్పు. మర్నాడు పొద్దున్నే నువ్వు వాళ్ళింటికి వెళ్ళి రావాలి.

మీ అత్త