తిండి మానేసిన ఉడతకు చక్కెర ఎక్కడిది?

ప్రశ్న: శీతాకాల సుప్తావస్థలో ఉన్న జంతువు నెలల తరబడి ఏమీ తినదు కదా, దాని మెదడుకు గ్లూకోజ్ ఎలా అందుతుంది? అంత చలిలో కాలేయపు ఎంజైములు పనిచేస్తాయా?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: పనిచేస్తాయి, బాగా మెల్లగా. ఉత్తర అమెరికాలో ఉండే పదమూడు చారల నేల ఉడతనే చూడండి. (రాముడు గీసిన మూడు గీతల మన ఉడతకు ఈ నిద్ర లేదు.) దాని ఒంటి వేడి 37 డిగ్రీల నుంచి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. పది డిగ్రీలు తగ్గితే ఎంజైము వేగం మామూలుగా సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. 30 డిగ్రీలు తగ్గితే 8 నుంచి 27 రెట్లు మందగించినట్టు. అయితే అంతా చలి చేసే పనే అనుకోకండి. ఒళ్లు చల్లబడకముందే జీవక్రియ తగ్గడం మొదలవుతుంది.

అసలు కిటుకు చక్కెరను కాల్చకుండా కాపాడుకోవడంలో ఉంది. గుండెలో, కండరాల్లో పీడీకే4 అనే ఎంజైము పెరుగుతుంది. చక్కెర విరిగితే వచ్చే పైరువేట్‌ను ఎసిటైల్ కోఎగా మార్చే ఎంజైము పైరువేట్ డీహైడ్రోజినేస్. పీడీకే4 దానికి ఫాస్ఫేట్ తగిలించి దాన్ని పడుకోబెడుతుంది. ఈ తలుపు మూయడం ఎందుకంత ముఖ్యమంటే, పైరువేట్ ఒక్కసారి ఎసిటైల్ కోఎ అయిపోయిందా, దాన్నుంచి మళ్లీ గ్లూకోజ్ చేసుకోవడం ఏ క్షీరదానికీ చేతకాదు.

ఇక ఒళ్లంతా కాల్చేది కొవ్వునే. ఒక్కో కొవ్వు అణువు విడిపోతే మూడు కొవ్వు ఆమ్లాలు, ఒక గ్లిసరాల్ వస్తాయి. ఆ గ్లిసరాల్‌ను కాలేయం అందుకుంటుంది. గ్లిసరాల్ కైనేజ్ దానికి ఫాస్ఫేట్ తగిలిస్తే అది చక్కెర తయారయ్యే దారిలో మధ్యలో వచ్చి కలుస్తుంది. రెండు గ్లిసరాల్‌లకు ఒక గ్లూకోజ్. లాక్టేట్ (చక్కెర సగం విరిగి మిగిలేది) నుంచి చేయాలంటే పెప్‌సీకే అనే ఎంజైము మెట్టు కూడా ఎక్కి రావాలి.

ప్రశ్న: ఉపవాసం ఉంచిన ఎలుక కాలేయంలో పైరువేట్ కైనేజ్ కొలుస్తున్నాం. మేత తిన్న ఎలుకకూ దీనికీ తేడా కనబడటం లేదు. తర్వాత ఇదే పరీక్ష 5 డిగ్రీల దగ్గర కూడా చేయాలి.
– పరిశోధక విద్యార్థి, కర్నూలు

జవాబు: మొదట అనుమానించాల్సింది పెప్ (ఈ ఎంజైము పైరువేట్‌గా మార్చే పదార్థం) మోతాదును. ఉపవాసంలో ఈ ఎంజైముకు ఫాస్ఫేట్ తగులుతుంది, దాంతో పెప్ మీద దానికి పట్టు తగ్గుతుంది, గరిష్ఠ వేగం మాత్రం పెద్దగా మారదు. మీరు 5 మిల్లీమోలార్ పోస్తే రెండూ ఒకేలా పరుగెత్తుతాయి. 0.2 దగ్గర కూడా కొలిచి రెండు వేగాల నిష్పత్తి చూడండి. ఈ ఎంజైమును ఉసిగొల్పే ఫ్రక్టోజ్ 1,6 బిస్‌ఫాస్ఫేట్ కలపకండి, అది తేడాను చెరిపేస్తుంది.

రెండోది నమూనా. కోసిన కాలేయాన్ని కర్నూలు ఎండల్లో బల్ల మీద వదిలేస్తే ఫాస్ఫటేజులు ఆ ఫాస్ఫేట్‌ను ఊడబెరికేస్తాయి. వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచాలి (పశువుల ఆసుపత్రిలో వీర్యం గొట్టాలు దాచే క్యాన్‌లో ఉండేది అదే). కరగనివ్వకుండా పొడి కొట్టి, ఫాస్ఫటేజులను ఆపే 50 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, ఈడీటీఏ ఉన్న చల్లటి బఫర్‌లో కలపండి. ఫ్లోరైడ్ ఈ ఎంజైమునూ కొంత అడ్డుకుంటుంది, ఈడీటీఏ ఎంజైముకు కావాల్సిన మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. కాబట్టి క్యూవెట్‌లో (కాంతి పంపి కొలిచే చిన్న పాత్రలో) నమూనా కొద్దిగానే పోసి, మెగ్నీషియం ధారాళంగా ఉంచండి.

5 డిగ్రీల దగ్గర ట్రిస్ బఫర్‌ను నమ్మొద్దు. 25 దగ్గర సరిచేసిన పీహెచ్ అక్కడికి వచ్చేసరికి దాదాపు 0.6 పెరుగుతుంది. వాడే చల్లదనంలోనే సరిచేసుకోండి. క్యూవెట్ గోడకు చెమ్మ పట్టినా 340 నానోమీటర్ల రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది. తుడిచి, పొడి గాలి తగలనివ్వండి.

ప్రశ్న: మా కొండల్లోంచి చేలలోకి దిగే ఎలుగుబంట్లు చలికాలం నిద్రపోతాయా?
– రైతు, కళ్యాణదుర్గం

జవాబు: పోవు. చెదపురుగులు, పండ్లు ఏడాది పొడుగునా దొరుకుతాయి. చలికాలమని రాత్రిపూట కాపలా మానకండి.