పాఠకుల ప్రశ్న: రిమిని బీచిలో గొడుగు అద్దె తప్పదా?

ప్రశ్న: ఆగస్టులో ఇటలీలోని బొలోన్యాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. రిమిని బీచికి పోదామంటున్నాడు. డబ్బు కట్టందే అక్కడ కూర్చోనివ్వరట, నిజమా? అయిదేళ్ల మనవరాలిని నీళ్లలో దించొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కట్టక్కర్లేదమ్మా. తీరంలో ఎక్కువ భాగం 'బాన్యో'లనే అద్దె స్థలాలదే. నంబరు బోర్డు, వరుసగా గొడుగులు, పడక కుర్చీలు, షవరు, బట్టలు మార్చుకునే గది ఉంటాయి. అద్దె వాటికే. ముందు వరుసకు ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తక్కువ. ఉచిత బీచి రేవు పక్కన ఉంది. గొడుగు, తువ్వాళ్లు మీరే తీసుకెళ్లాలి. నీటి అంచున 5 మీటర్ల మేర ఎక్కడా గొడుగు పాతకూడదు, అది నడిచేవాళ్ల దారి.

పాపను నిశ్చింతగా దించండి, చెయ్యి మాత్రం వదలొద్దు. మన మైపాడు బీచిలో నాలుగడుగులు వేస్తే అల లాగేస్తుంది. రిమినిలో చాలా దూరం లోతు ఉండదు. ప్రమాదమల్లా రిమినికి ఉత్తరాన ఉన్న విసెర్బా వైపు, అలల్ని ఆపడానికి సముద్రంలో పోసిన రాళ్లగుట్టల దగ్గర. గుట్టల మధ్య సందుల్లోంచి నీళ్లు బయటికి లాగుతాయి, రాళ్లకు నాచు పట్టి కాలు జారుతుంది. ఎర్రజెండా ఎగిరితే అసలు దిగొద్దు.

ఆగస్టు 15 ఇటలీలోనూ సెలవే. ఆ వారం ఇసుక కనబడనంత జనం, వెళ్లకండి. బొలోన్యా నుంచి ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు స్టేషన్లోని యంత్రంలో ముద్ర వేసుకోండి. మరిస్తే జరిమానా.