నుదుటి మీద పాలు

చిరంజీవి చిట్టికి,
మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "నీ మేనకోడలు గుర్రాన్ని కొంటుందట, దాటించి పిల్లల్ని కూడా తీస్తుందట, ఈ పిచ్చి నువ్వే కదా ఎక్కించావు" అని గంటసేపు దులిపేసింది. ఎక్కించింది నేనే, కాదనను. నాలుగేళ్ళప్పుడు నిన్ను జీను మీద కూర్చోబెడితే, దిగనంటే దిగనని జూలు పట్టుకుని ఏడ్చావు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. నాకంటే ముందు అక్కకి చెప్పినందుకు కోపం కూడా ఉంది. దాని సంగతి ఎదురుపడ్డప్పుడు చూసుకుందాం.

మార్వారీ జాతి గుర్రమే కావాలంటున్నావట. లోపలికి తిరిగి కొసలు ఒకదాన్నొకటి తాకే ఆ చెవులు ఎవరికైనా ముచ్చటగానే ఉంటాయి. కాఠియావాడీ జాతికీ అలాంటి చెవులే. కానీ చెవులు చూసి డబ్బులివ్వకు. కాళ్ళు చూడు, గిట్టలు చూడు, కొత్త మనిషి దగ్గరికొస్తే ఎలా నిలబడుతుందో చూడు. మగగుర్రం ఫొటోలు చూసి మురిసిపోతున్నావని విన్నాను. పుట్టేటప్పుడు పిల్ల ఎంత ఉంటుందనేది ఎక్కువగా తల్లి మీదే ఆధారపడుతుంది. భారీ షైర్ గుర్రాలకీ బుల్లి షెట్లాండ్ పోనీలకీ సంకరం చేసి, ఆ ఫలితాలు 1938లో అచ్చువేశారు. తండ్రి షెట్లాండే అయినా షైర్ తల్లికి పెద్ద పిల్ల పుట్టింది, తండ్రి షైర్ అయినా షెట్లాండ్ తల్లికి చిన్న పిల్లే పుట్టింది. అందుకని ముందు మంచి తల్లిని వెతుక్కో. నాలుగేళ్ళు నిండనిదాన్ని మాత్రం దాటించకు, దాని ఎముకలే ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు.

రోజూ చేసే పనులు నీకు తెలిసినవే. గిట్టలు పొద్దునా సాయంత్రం గీకి శుభ్రం చెయ్యి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించు. పళ్ళు ఏడాదికోసారి డాక్టరుకి చూపించు, అంచులు పదునెక్కితే బుగ్గ లోపల కోసుకుంటుంది. ధనుర్వాతం టీకా ఎప్పుడూ తప్పించకు. నీళ్ళు రోజుకి పాతిక నుంచి నలభై లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. సరిగ్గా ముక్కుకు ఎదురుగానూ సరిగ్గా తోక వెనకా ఉన్నది దానికి కనపడదు, కాబట్టి పలకరించకుండా వెనకనుంచి వెళ్ళకు. ఈ చివరిదొక్కటీ రోజూ గుర్తుపెట్టుకో, మీ అమ్మ కోసమైనా.

తిండి దగ్గర మాత్రం నిన్ను కాస్త తిట్టాలి. చిన్నప్పుడు మన కుక్కపిల్లకి ప్రేమకొద్దీ పెట్టి పెట్టి దాని పొట్ట ఎలా ఉబ్బించావో మర్చిపోలేదు. గుర్రానికి వాంతి రాదు. కడుపులోంచి పైకి దారి అంత గట్టిగా బిగిసి ఉంటుంది. దాని పొట్ట కూడా ఒంటితో పోలిస్తే చిన్నదే, పది పదిహేను లీటర్లు పడుతుందేమో. ఆవులా నెమరు వెయ్యదు. గడ్డిని వెనకపేగుల్లో పులియబెట్టుకుని అరిగించుకుంటుంది. అందుకే రోజులో పదహారు గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకి ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుగడ్డి ఉండాలి, దాణా ఆ తర్వాతి మాట. దాణా మారిస్తే వారం పది రోజుల్లో మెల్లగా మార్చు. దాణా బస్తాల గదికి తాళం వెయ్యి. రాత్రి అది తలుపు తోసుకుని వెళ్ళి కడుపు నిండా మెక్కిందంటే, ముందు కడుపునొప్పి, ఆ వెనకే గిట్టల లోపలి పొరలు వాచిపోవడం. మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూస్తున్నా, కాలితో నేల గీకుతున్నా, లద్ది వెయ్యకపోయినా డాక్టరుకి ఫోన్ చెయ్యి. పొద్దున్నే చూద్దాంలే అనుకోకు.

పగళ్ళు పెరిగే కాలంలో మూడు వారాలకోసారి ఎదకు వస్తుంది, ఐదారు రోజులు ఎదలో ఉంటుంది. దాటించాక పద్నాలుగు నుంచి పదహారు రోజుల మధ్య స్కాన్ తప్పనిసరిగా చేయించు. కవలలుంటే అప్పుడే తెలియాలి. గుర్రానికి కవలలంటే అదృష్టం కాదు, ఎక్కువసార్లు రెండూ దక్కవు. ఆ వయసులో డాక్టరు ఒకదాన్ని తీసేయగలడు. ఇక పదకొండు నెలలు మోస్తుంది, రెండు మూడు వారాలు అటూ ఇటూ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీని కోసమే కాగితం పట్టుకున్నాను.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. శాలలో పెద్దాయన సెలవు మీద వెళ్తూ, "నెలలు నిండినదాన్ని నీకు అప్పజెప్పి పోతున్నా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను మూడు రాత్రులు గడ్డిమోపు మీదే కూర్చున్నాను. మూడో రాత్రి రెండింటికి ఈనింది. అరగంట కూడా పట్టలేదు. పిల్ల మంచి గోధుమరంగుది, మూడు కాళ్ళకి తెల్లటి మేజోళ్ళు. పడుతూ లేస్తూ గంటలోపే నిలబడింది. తల్లి కిందకి దూరింది. చప్పచప్పమని చప్పుడు వినిపించింది. నేను లాంతరు ఎత్తి చూస్తే దాని నుదుటి మీద పాలు, కళ్ళ మీదుగా కారుతున్నాయి. "ఏరా, తాగమంటే తలస్నానం చేశావా" అని నవ్వి, ముక్కు తుడిచి, వెళ్ళి పడుకున్నాను. మూడు రాత్రుల నిద్ర కదా, ఒళ్ళు తెలియలేదు.

పొద్దున లేచి చూస్తే తల్లి పొదుగు బిగుసుకుని, చనుమొనలనుంచి గడ్డి మీదికి చుక్కలు పడుతున్నాయి. పాలు సమృద్ధిగా ఉన్నాయని వచ్చినవాళ్ళందరికీ చూపించాను చిట్టీ. నా వేలితో నేనే చూపించాను.

రెండో రోజు సాయంత్రానికి పిల్ల ఎక్కువసేపు పడుకోవడం మొదలుపెట్టింది. మూడో రోజు వెనకకాలి కీలు వాచింది, ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు వచ్చి మొట్టమొదట అడిగింది ఒకటే: "తాగడం నీ కళ్ళతో చూశావా?" నుదుటి మీద పాలున్నాయండీ అన్నాను. ఆయన నన్నేమీ అనలేదు. పొదుగు నిండి ఉన్నప్పుడు పిల్ల తలతో పొడిస్తే పాలు వాటంతట అవే దాని మీద కారతాయనీ, నిజంగా తాగిన పిల్ల పొదుగుని మెత్తబరుస్తుందనీ నెమ్మదిగా చెప్పాడు. ఆ చప్పుడు అది తల్లి డొక్కని చీకుతున్నదట. తెల్లారాక ఎప్పుడో కాసిని తాగి ఉంటుంది, అప్పటికే ఆలస్యమైంది. ఐదో రోజు పోయింది.

మనిషి బిడ్డకి రోగాలను తట్టుకునే రక్షణ కొంత తల్లి కడుపులోనే అందుతుంది. గుర్రప్పిల్లకి మాయ గుండా అది దాటదు. ముర్రుపాలలోంచే రావాలి. ఆ రక్షణని పేగులు పీల్చుకునేది మొదటి కొన్ని గంటల్లోనే. గంట గంటకీ ఆ శక్తి తగ్గిపోయి, ఒక రోజుకల్లా తలుపు మూసుకుంటుంది. తర్వాత బకెట్లకొద్దీ పాలు తాగినా ఆకలి తీరుతుంది తప్ప అది రాదు.

కాబట్టి చేతికి వాచీ పెట్టుకుని కూర్చో. ఒక గంటలో నిలబడాలి, రెండు గంటల్లో తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. తాగడమంటే చనుమొన నోట్లో ఉండాలి, నాలుక చుట్టుకుని ఉండాలి, గొంతు కదలాలి. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని చూడు. పొదుగు పట్టి చూడు. తాగకపోతే పాలు పితికి డాక్టరుని పిలువు, ట్యూబుతో ఆయన పోస్తాడు. సీసాతో నోట్లోకి బలవంతంగా పోశావంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్నీ బాగున్నాయనిపించినా మర్నాడు పిల్ల రక్తం పరీక్ష చేయించు. రక్షణ చాలలేదని తెలిస్తే ప్లాస్మా ఎక్కిస్తారు. మా రోజుల్లో మాకు ఆ పరీక్ష సంగతే తెలియదు.

మాయ పడకపోతే లాగకు. ఈనేటప్పుడు నీలంగా తెల్లగా మెరిసే సంచి రావాలి. ఎర్రటి మఖమల్ లాంటిది ముందొస్తే ఆలోచించకు, వెంటనే చింపి పిల్లని బయటికి తియ్యి, దానికి లోపల ఊపిరాడటం లేదన్నమాట. అలాంటిది నాకు ఒక్కసారే ఎదురైంది, ఆ పిల్ల బతికింది. పెరిగి పెద్దదై నన్ను రెండుసార్లు కరిచింది కూడా.

ఇంత భయపెట్టి రాశానని కొనడం మానేస్తావేమో. మానేశావో, అక్కకంటే ముందు నేనే తిడతాను.

చూడి నిలిచిన రోజు నాకు చెప్పు. నేను లెక్కపెట్టుకుని రెండు వారాల ముందే వచ్చేస్తాను. రాత్రుళ్ళు వంతులేసుకుందాం. నాకు ఎలాగూ ఇప్పుడు నిద్ర సరిగ్గా పట్టదు. ఈ ఉత్తరంతోపాటు నా స్టెతస్కోపు కూడా పంపుతున్నాను. కొనగానే, గుర్రం బాగున్నప్పుడే, రోజూ రెండు డొక్కల మీదా పెట్టి పేగుల గురగుర వినడం అలవాటు చేసుకో. మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా తెలుస్తుంది. ఎడమ చెవి రబ్బరు ఊడిపోయింది, మార్పించుకో.

మీ మామయ్య