లగ్జరీ కార్ల కొత్త రూపం: డిజైన్ కోర్సులో చేరాలా, ఇంజినీరింగ్‌లోనే ఉండాలా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి కార్ల బొమ్మలు గీస్తాను. లగ్జరీ కార్లకు కొన్నేళ్లకోసారి కొత్త బంపర్లు, కొత్త దీపాలు వస్తుంటాయి కదా. ఆ మార్పులను నిర్ణయించే ఉద్యోగం చేయాలని ఉంది. ఇంజినీరింగ్ వదిలేసి డిజైన్ కోర్సులో చేరమంటారా?

జవాబు: వదలకండి. మీరు కోరుకుంటున్న పని ప్రధానంగా డిజైనర్లది కాదు. ఏ సంవత్సరం ఏ భాగం మారాలి, దానితో పాటు ఏ ఇంజిన్ రావాలి అన్నది ప్రొడక్ట్ ప్లానింగ్ విభాగం తేలుస్తుంది. గీసిన బొమ్మ కర్మాగారంలో తయారయ్యేలా చూసేది స్టూడియో ఇంజినీర్లు. ఈ రెండు చోట్లా మీ డిగ్రీకి విలువ ఉంది.

1979 నాటి మెర్సిడెస్ ఎస్-క్లాస్‌నే తీసుకోండి. 1985లో దాన్ని నవీకరించినప్పుడు తలుపుల కింద గాడులున్న పలకలు పోయి నున్నటివి వచ్చాయి, బంపర్లు మారాయి. అప్పుడే కొత్త ఆరు సిలిండర్ల ఇంజిన్లు, పెద్ద వీ8లు (ఎనిమిది సిలిండర్లవి) కూడా వచ్చాయి. బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లోనూ అంతే. 2001 మోడల్ రూపంపై విమర్శలు వెల్లువెత్తాయి. 2005లో దీపాలు, డిక్కీ మూత సరిదిద్దినప్పుడే 4.4 లీటర్ల వీ8 స్థానంలో 4.8 లీటర్లది వచ్చింది. జాగ్వార్ ఎక్స్‌జే కథ వేరు. 1973లో దాని ముందు బంపర్ ఎత్తు పెరిగి గ్రిల్ చిన్నదైందంటే కారణం అమెరికా భద్రతా నిబంధనలు. 1979లో ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా పైకప్పును తిరిగి మలిచింది. వీ12 ఇంజిన్‌కు ఇంధనం ఆదా చేసే కొత్త సిలిండర్ హెడ్లు మాత్రం 1981లో గానీ రాలేదు.

రూపం, ఇంజిన్ మార్పులు రెండింటినీ ఒకేసారి తేవాలని కంపెనీలు ఎందుకు తాపత్రయపడతాయో అర్థమైతే ఈ ఉద్యోగం సగం అర్థమైనట్టే. శక్తి పెరిగిన ఇంజిన్‌కు గాలి ఎక్కువ కావాలి, అంటే గ్రిల్, బంపర్ రంధ్రాల కొలత మారుతుంది. పాదచారి తల తగిలినా గాయం తగ్గాలంటే బానెట్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఖాళీ ఉండాలి. కాబట్టి ఇంజిన్ ఎత్తు బానెట్ గీతను శాసిస్తుంది. ముందు భాగం మారితే గాలి నిరోధమూ మారుతుంది. ఇంధన వినియోగం, ఉద్గారాల లెక్కల్లో ఆ నిరోధాన్ని కలపాలి కనుక మళ్లీ పరీక్షలు తప్పవు. ఇంజిన్‌కు ఎలాగూ పరీక్షలు జరుగుతున్నప్పుడే ముఖం కూడా మారిస్తే ఒక విడత ఖర్చు మిగులుతుంది.

డబ్బు సంగతీ ఉంది. బంపర్, గ్రిల్ వంటి ప్లాస్టిక్ భాగాల అచ్చులు మార్చడం సులువు. తలుపులు, పైకప్పు జోలికి వెళితే ఉక్కు రేకును నొక్కే భారీ డైలు మళ్లీ చేయించాలి. అందుకే మధ్యంతర నవీకరణల్లో తలుపులు దాదాపుగా మారవు. దీపాల తయారీకి సమయం బాగా పడుతుంది, కాబట్టి వాటి ఆకృతిని ముందే ఖరారు చేస్తారు. ఒక తరం లగ్జరీ కారు ఏడేళ్లు అమ్ముడవుతుందనుకుంటే, మూడో నాలుగో ఏట నవీకరణ వస్తుంది. అంటే కొత్త కారు షోరూమ్‌లో మెరుస్తున్నప్పుడే దాన్ని మార్చే పని లోపల మొదలై ఉంటుంది.

ప్లానర్‌కు నిజమైన తలనొప్పి ఇంజిన్ ఆలస్యమైనప్పుడు వస్తుంది. ముఖాన్ని ముందే విడుదల చేయాలా, ఆపాలా? ఉద్గారాల నిబంధన గడువు ఎవరి కోసమూ ఆగదు. లగ్జరీ విభాగంలో మరో చిక్కుంది: నిన్న కొన్నవారి కారు ఈ రోజు పాతబడినట్టు కనిపించకూడదు. 1975 నుంచి 1999 వరకు మెర్సిడెస్ డిజైన్‌కు నేతృత్వం వహించిన బ్రూనో సాకో ఈ విషయంలో చాలా పట్టుదల చూపారు. ఇప్పటి గ్రిల్‌లను చూస్తే ఆ పట్టుదల అందరికీ లేదనే నాకనిపిస్తుంది. 2019లో 7 సిరీస్ గ్రిల్ సుమారు 40 శాతం పెరిగింది మరి!

ఇక మీ సంగతి. బొమ్మలు గీయడం మానకండి. కంప్యూటర్‌పై కార్ల రూపాలు, భాగాలు గీసే కాటియా, ఏలియాస్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోండి. భాగాల ఖర్చు లెక్కగట్టడం కూడా నేర్చుకోండి, విద్యార్థులు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. ప్లానింగ్‌లోకి నేరుగా కొత్తవారిని తీసుకోవడం అరుదు. దీపాలు, బంపర్లు తయారుచేసే సరఫరా సంస్థల్లోనో, బాడీ ఇంజినీరింగ్‌లోనో కొన్నేళ్లు పనిచేసి రావడం మంచిది. లెక్కల పట్టికల కన్నా మట్టి నమూనా మలచడమే మీకు ఆనందమనిపిస్తే అప్పుడు అమెరికాలోని ఆర్ట్‌సెంటర్, బ్రిటన్‌లోని కోవెంట్రీ, జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ వంటి చోట్ల డిజైన్ కోర్సుల గురించి ఆలోచించండి. అక్కడ మార్కుల కన్నా పోర్ట్‌ఫోలియోకే బరువెక్కువ.

ఏ దారి పట్టినా ముందు ఒక పని చేయండి. ఒక కారు తొలి రూపాన్నీ, నవీకరించిన రూపాన్నీ పక్కపక్కన పెట్టి మారిన ప్రతి భాగాన్నీ రాయండి. అది ఇంజిన్ వల్ల మారిందా, చట్టం వల్లా, కేవలం అందం కోసమా అని ఎదురుగా రాయండి. రెండు పేజీలు మించకూడదు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ముందు దాన్నే చూపించండి.