యూనివర్సిటీ సైన్స్ కాలేజీతో ఒప్పందం చిన్న యూనిట్‌కి పనికొస్తుందా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువులకు మినరల్ మిక్స్ (నీళ్లలో వేసే ఖనిజ లవణాల మిశ్రమం) తయారుచేస్తున్నామని, సైన్స్ కాలేజీతో రీసెర్చ్, కన్సల్టెన్సీ ఒప్పందం పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉంటుందండీ. మేమూ అదే లైన్లో ఉన్నాం, ఒక కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుతో కలిసి పనిచేశాం. కాకపోతే మీకు కావలసింది సరుకు కొనే పార్టీలకు చూపించే రిపోర్టా, తెగని సమస్యకు జవాబా అన్నది ముందు తేల్చుకోండి. రిపోర్టే అయితే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబుకి శాంపిల్ పంపితే చాలు, ప్రొఫెసర్ల దాకా వెళ్లక్కర్లేదు.

మా సమస్య పొటాషియం. సముద్రపు నీళ్లలో సోడియం, పొటాషియం దాదాపు 28:1లో ఉంటాయి. బోరు నీళ్ల చెరువుల్లో పొటాషియం అంతకంటే బాగా తక్కువ. అది చాలకపోతే వనామీ రొయ్య వంగిపోయి కొయ్యబారుతుంది, మోల్టింగ్‌లో, అంటే పెంకు విడిచేటప్పుడు, చనిపోతుంది. మేం చేయించిన రిపోర్టుల్లో మాత్రం పొటాషియం సరిపడా ఉన్నట్టే వచ్చేది. రైతుకి డోసు ఎంత చెప్పాలో తెలిసేది కాదు.

ఆ రిపోర్టులు ముందుపెడితే ఆ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు మేడమ్ గారు అడిగిన మొదటి మాట, "స్టాండర్డ్స్ ఏ నీళ్లలో కలిపారు?" అని. స్టాండర్డ్స్ అంటే మిషన్ రీడింగును పోల్చుకోవడానికి, పొటాషియం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు. ఫ్లేమ్ ఫోటోమీటర్‌లో (మంట వెలుగును బట్టి సోడియం, పొటాషియం కొలిచే మిషన్) సోడియం ఎక్కువున్న శాంపిల్ పెడితే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. అందుకని ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో కాకుండా, చెరువు నీళ్లలో ఎంత సోడియం ఉందో అంతే సోడియం కలిపిన నీళ్లలో స్టాండర్డ్స్ చేయించారు. శాంపిల్స్ గాజు సీసాల్లో వద్దని, ప్లాస్టిక్ సీసాలను అదే చెరువు నీళ్లతో కడిగి పట్టమని చెప్పారు. రీడింగులు దిగాయి, చెరువులో కనిపిస్తున్నదానికి సరిపోయాయి. మా డోసు పట్టిక మొత్తం మార్చుకున్నాం. మిషన్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఇలాంటి ప్రశ్న అడిగే మనిషి దొరకడమే కష్టం. మీరు డబ్బు పెట్టేది దానికే.

ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకాలు, ఫొటోలు అయినంత మాత్రాన పని మొదలవదు. ఏ పరీక్షలు, ఎన్ని శాంపిల్స్, రిపోర్టు ఎప్పటికి, డేటా ఎవరిది అన్నవి రాసిన వర్క్ ఆర్డర్ విడిగా ఉండాలి. ఫీజు యూనివర్సిటీ ఖాతాలోకే కట్టండి, ఎవరి చేతికీ ఇవ్వొద్దు. అందులో యూనివర్సిటీ వాటా పోగా మిగిలింది వాళ్ల రూల్స్ ప్రకారం పనిచేసినవాళ్లకు వెళ్తుంది. కన్సల్టెన్సీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, బడ్జెట్‌లో కలుపుకోండి.

ఈ పని మీద రీసెర్చ్ పేపరు అచ్చు వేసే సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. పనిచేసే రీసెర్చ్ స్కాలర్‌కి పేపరు ప్రాణం, అది ఆపమనడం అన్యాయం. మీ ఫార్ములాకు పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం పేపరు బయటికి రాకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ అప్లికేషన్ వేయాలి. ఆ తర్వాత పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు ఉంటాయి.

ఇంకొకటి, సెమిస్టర్ పరీక్షలప్పుడు ల్యాబులో పని నడవదు. మీ పంట మూడు నాలుగు నెలల్లో అయిపోతుంది కాబట్టి, చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేయకముందే వర్క్ ఆర్డర్ ఖాయమయ్యేలా చూసుకోండి.

ఎవరిని కలవాలో తెలియకపోతే శోధ్‌గంగ (దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే) సైట్‌లో చెరువు నీళ్ల మీద వచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌లు వెతకండి. గైడ్ ఎవరో మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఆయనకో ఆవిడకో మీ నీళ్ల రిపోర్టులు జతచేసి, ఒక్క పేజీలో సమస్య రాసి పంపండి.